ఎద్దు ఉచ్చ పోసిన ఆదివారం

ఉత్తమ సేవలు అందించినందుకు మా శాఖ వాళ్లు నాకొక ప్రశంసాపత్రం ఇచ్చారు. నేను దానికి ఫ్రేము కట్టించలేదు. బీరువాలో ఎక్కడో ఉంది. దాన్ని అందుకున్న రోజు పొద్దున్నే, నా సర్వీసు మొత్తంలోకీ తెలివితక్కువ పని ఒకటి చేసి మరీ బస్సెక్కాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పశువైద్యులు ఎవరైనా ఇంటికి వచ్చి, "మీ అనుభవాలు చెప్పండి మేడం" అన్నప్పుడు నేను గెలిచిన కేసులు చెప్పను. ఈ ఎద్దు సంగతి చెబుతాను. మీకూ అదే చెబుతున్నాను.

అప్పటికి నా రిటైర్మెంటుకి మూడేళ్లుంది. పుల్లలచెరువు వైపు, నల్లమల అంచున ఉన్న ఒక ఊళ్లో పశువుల ఆస్పత్రి. రెండు గదులు, ముందొక రేకుల పంచ, పశువును నిలబెట్టి కట్టడానికి ఇనుప గొట్టాల చట్రం. అందులో నేను, మా అటెండరు. ఆయన ఆ ప్రాంతం మనిషే, ఇంచుమించు నా ఈడువాడు. మాట తక్కువ. ఆయనకొక అలవాటుండేది. నాతో నేరుగా చెప్పడానికి మొహమాటమనిపించిన సంగతి ఏదైనా ఉంటే, దాన్ని ఎదురుగా ఉన్న పశువుతో చెప్పేవాడు. "ఏమ్మా, నీకు నిన్నటి సూదే మళ్లీ పొడుస్తాండారే" అని గేదెతో అన్నాడంటే, నేను పొరపాటున అదే మందు రెండోసారి తీశానని అర్థం. ఆయన అలా ఎన్నిసార్లు నన్ను కాపాడాడో లెక్కలేదు. ఆ ఒక్క రోజు మాత్రం నేను వినిపించుకోలేదు.

ఆ వైపు నీళ్ల సంగతి మీకు తెలియకపోవచ్చు. బోరు నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురుగు రాదు. బిందె అడుగున తెల్లగా గార కడుతుంది. మా ఆస్పత్రి ఉన్న పెద్దూళ్లో మంచినీళ్ల ప్లాంటు ఉంది కాబట్టి సరిపోయింది. దానికి రెండు మైళ్ల దూరంలో ఒక చిన్న పల్లె ఉండేది. నలభై గడప ఉంటుందేమో. అందరూ కూలిపని చేసుకునే క్రైస్తవ కుటుంబాల వాళ్లు. అక్కడికి ఆటో సరిగ్గా పోదు, దారంతా రాళ్లు. అందుకని ఆ పల్లెలో ఒకావిడ ఒంటెద్దు బండి మీద రెండు డ్రమ్ములు పెట్టుకుని, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మంచినీళ్లు తోలేది. భర్త మార్కాపురం పలకల పనికి పోయి వారానికొకసారి వచ్చేవాడు. బండి, ఎద్దు, నీళ్లు, అన్నీ ఆవిడ చేతి మీదనే నడిచేవి. నలభై అయిదేళ్లుంటాయి. గొంతు పెద్దది. పల్లె మొత్తం తాగే నీళ్లు ఆ ఒక్క ఎద్దు మెడ మీద వచ్చేవి.

ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి ఆవిడ ఎద్దును నడిపించుకుంటూ ఆస్పత్రికి వచ్చింది. పదకొండింటికి మార్కాపురంలో నాకు సన్మానం. గంజి పెట్టి ఇస్త్రీ చేయించిన వెంకటగిరి చీర కట్టుకుని, చేతిసంచీతో బస్సు కోసం తయారుగా ఉన్నాను.

"నిన్న సాయంత్రం నుంచి మేత ముట్టలేదు మేడం. కాలితో కడుపు తన్నుకుంటాంది. ముక్కుతాంది," అందావిడ.

నిజమే. ఎద్దు నడుము సాగదీసి నిలబడుతోంది, తోక ఎత్తుతోంది, ముక్కుతోంది, మళ్లీ తోక దించుతోంది.

"ఏం పెడుతున్నావమ్మా దానికి?"

"తవుడు మేడం. నా బిడ్డకి తక్కువ చేస్తానా? దినామూ తట్టెడు పెడతా."

తవుడు అనే మాట వినపడగానే నా తీర్పు అయిపోయింది. తవుడు ఎక్కువై అజీర్ణం, దానివల్ల మలబద్ధకం, అందుకే ముక్కుతోంది. అసలైతే ఇలాంటప్పుడు భుజం దాకా తొడుగు వేసుకుని, వెనక నుంచి లోపలికి చేయి పెట్టి చూడాలి. అయిదు నిమిషాల పని. మొదటి సంవత్సరం కుర్రవాళ్లకి కూడా చెప్పే పాఠం. కానీ ఆ చీరతో ఆ పని చేస్తే మార్కాపురంలో వేదిక మీదికి ఏ అవతారంలో ఎక్కుతానో నాకు బాగా తెలుసు. చేయి పెట్టలేదు. నొప్పికి ఒక ఇంజెక్షను చేసి, కడుపు కదలడానికి నూనె తాగించమన్నాను.

అటెండరు ఎద్దు కట్టు విప్పుతూ దాంతో అన్నాడు: "ఏం నాయనా, అరగంట నుంచి నిలబడితివి. నీ కింద మట్టి పొడిపొడిగానే ఉండాదే."

"దాంతో తర్వాత మాట్లాడుకోవచ్చు, బస్సొచ్చేస్తుంది," అన్నాను నేను.

మార్కాపురంలో శాలువా కప్పారు, పత్రం ఇచ్చారు, ఫొటో తీశారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా పక్క మండలానికి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు నా పక్కన కూర్చున్నాడు. మూత్రం బిగిసిపోయిన దూడలకి పొట్టలోంచి గొట్టం వేసి బతికించే ఆపరేషను గురించి ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టాడు. కాలేజీలో చాలా చేశారట. నేను పెరుగన్నం కలుపుకుంటూ, "పుస్తకాల్లో ఉన్నవన్నీ మన పల్లెల్లో జరగవు బాబూ," అన్నాను. పాపం, అతను తల ఊపి ఊరుకున్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు నా బుర్రలో ఆ ఎద్దు ఒక్కసారైనా మెదిలి ఉంటే బాగుండేది. మెదల్లేదు.

మర్నాడు పొద్దున ఆవిడ ఫోను చేసింది. గొంతులో సంతోషం.

"తన్నుకునేది ఆపినాది మేడం! ముక్కేది కూడా లేదు. నెమ్మదిగా పండుకొని ఉండాది. మీ చేతి చలవ."

"చూశావా మరి, మందు పనిచేసింది," అన్నాను. ఫోను పెట్టేసి అటెండరుకి కూడా చెప్పాను, కాస్త గొప్పగానే.

ఆ సమయానికి ఆస్పత్రిలో పశువేదీ లేదు. ఆయన అటూ ఇటూ చూసి, పంచలో ఉన్న కుక్కతో అన్నాడు: "ఉచ్చ పోసినాదా లేదా అని అడిగితే బాగుండు."

నాకు కోపం వచ్చింది. అడగలేదు. మళ్లీ ఫోను చేసి ఉండొచ్చు. చేయలేదు.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పాలి. లేకపోతే నేను చేసింది ఎంత తప్పో మీకు అర్థం కాదు. మూత్రపిండాల పని మనం నిద్రపోయినా ఆగదు. పశువు ఏం తిన్నా ఏం తాగినా, నెత్తురులో ఉప్పు ఎంత ఉండాలో నీళ్లు ఎన్ని ఉండాలో అంతే ఉంచి, మిగిలినదాన్నీ చెత్తనూ బయటికి పంపుతాయి. పశువుకి నీళ్లు చాలకపోతే మూత్రాన్ని చిక్కబరిచి, ఉన్న నీటిని పొదుపు చేస్తాయి. ఆ చిక్కటి మూత్రంలో ఇసుకలాంటి రేణువులు పేరుకుంటాయి. తవుడు ఎక్కువ తినే పశువుకి ఇంకా తొందరగా పేరుకుంటాయి. ఆవుకైతే మూత్రనాళం పొట్టిది, వెడల్పైనది. రేణువులు వచ్చినా జారిపోతాయి. ఎద్దుకి అది పొడుగు, సన్నం, మధ్యలో పాములా మెలిక తిరిగి ఉంటుంది. చిన్నప్పుడే విత్తులు కొట్టించిన ఎద్దుకి మరీ సన్నం. శనగబద్దంత రాయి ఆ మెలికలో ఇరుక్కుంటే చాలు.

దారి మూసుకుపోయిందని మూత్రపిండాలకి తెలియదు. అవి పంపుతూనే ఉంటాయి. మూత్రాశయం బిందెలా ఉబ్బుతుంది. పశువు తన్నుకుంటుంది, ముక్కుతుంది. చివరికి ఒక దగ్గర ఉచ్చబుడ్డ పగులుతుంది. పగిలిన క్షణాన నొప్పి పోతుంది. పశువు హాయిగా పడుకుంటుంది. యజమాని దేవుడికి దండం పెట్టుకుంటాడు. ఆ నెమ్మదిని చూసి మురిసిపోయిన డాక్టరు కూడా ఉంటుందని నా వల్ల తెలిసింది.

మూడో రోజు పొద్దున మళ్లీ ఫోను. ఈసారి గొంతు పెద్దగా లేదు.

"కడుపు రెండుపక్కలా దిగినాది మేడం. లేస్తా లేదు."

అటెండరు బండి మీద ఇద్దరం పల్లెకి పోయాం. ఎద్దు పాకలో ఉంది. పొట్ట కింది భాగం నీళ్ల తిత్తిలా వేలాడుతోంది. చేత్తో ఒక పక్క తడితే రెండో పక్క అల కదిలింది. నేను తొడుగు వేసుకుని, మొన్న పెట్టాల్సిన చేయి ఆ రోజు పెట్టాను. మూత్రాశయం ఉండాల్సిన చోట చేతికి ఏమీ తగల్లేదు. పొట్ట కింద సూది గుచ్చితే నీళ్లలాంటిది ధారగా వచ్చింది. దాన్ని ఒక గిన్నెలో పట్టి, వాళ్ల పొయ్యి మీదే కాస్త వేడి చేశాం. వాసన చెప్పేసింది.

"అది నా కూర గిన్నె మేడం," అందావిడ నీరసంగా. ఆ పరిస్థితిలోనూ అటెండరుకి నవ్వు వచ్చి మొహం తిప్పుకున్నాడు.

పొట్టలో చేరిన మూత్రం ఊరికే ఉండదు. బయటికి పోవాల్సిన చెత్త తిరిగి నెత్తురులో కలుస్తుంది. ఒంట్లోని మంచినీళ్లేమో పొట్టలోకి దిగిపోతాయి. కడుపు నిండా నీళ్లున్న పశువు దాహంతో చస్తుంది. ఆ ఎద్దు కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. ముట్టె ఎండిపోయింది.

ఆవిడ నా మొహమే చూస్తోంది. అబద్ధం చెప్పడం చాలా తేలిక. 'జబ్బు ముదిరింది' అంటే చాలు, ఎవరూ ప్రశ్నించరు. పైగా రెండు రోజుల క్రితమే శాలువా కప్పించుకున్న మనిషిని. అప్పుడు ఎద్దు తల దగ్గర గొంతుక్కూర్చున్న అటెండరు నా వైపు చూశాడు. ఎద్దుతో కూడా ఏమీ అనలేదు.

"అమ్మా," అన్నాను, "తప్పు నాది. మొన్న చేయి పెట్టి చూసి ఉంటే అప్పుడే తెలిసేది. మూత్రం బిగిసిపోయింది, నేను మలబద్ధకం అనుకున్నాను. ఇప్పుడు ఉచ్చబుడ్డ పగిలింది. కోసి కుట్టాలి. బతుకుతుందని మాట ఇవ్వలేను. కోయకపోతే మాత్రం రెండు రోజులు కూడా ఉండదు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎద్దు పక్కనే కూర్చుంది. తర్వాత అడిగింది: "కోసేది ఎవురు?"

"పక్క మండలంలో ఒక చిన్న డాక్టరున్నాడు. నాకంటే అతనికి బాగా తెలుసు."

"ఆ పిల్లోడు కోస్తే కోయనీ. నీ చెయ్యి కూడా దాంట్లో ఉండాల. తప్పు చేసిన చెయ్యే సరిచెయ్యాల గదా," అంది.

నన్ను ఎప్పుడూ 'మీరు' అనే మనిషి ఆ ఒక్క మాటకి 'నువ్వు' అంది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

కుర్ర డాక్టరుకి ఫోను చేశాను. భోజనాల దగ్గర నేనన్న మాట గుర్తుచేస్తాడేమోనని కాచుకుని ఉన్నాను. అతను మాత్రం, "పగిలి ఎన్ని గంటలైంది మేడం? సెలైన్లు ఎన్నున్నాయి? నేను బయల్దేరుతున్నా, ఒక ఫోలీ గొట్టం తెప్పించండి, మనుషులకి మూత్రం పోవడానికి వేసేదే, అన్నిటికన్నా లావుది," అని పెట్టేశాడు.

అటెండరు ఎర్రగొండపాలెం మందుల షాపుకి పోయాడు. అక్కడ జరిగింది తర్వాత ఆయనే చెప్పాడు.

షాపతను అడిగాడట: "పేషెంటు వయసెంత?"

"ఆరేండ్లు."

"ఆరేండ్ల పిల్లోడికి ఇంత లావు గొట్టమా! ఏ డాక్టరు రాసినాడయ్యా? బరువెంత పిల్లోడు?"

"ఉంటాడు, నాలుగు క్వింటాళ్లు."

షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారట. విషయం విన్నాక ఆ షాపతను గొట్టంతో పాటు దూది కట్ట ఒకటి ఊరికే ఇచ్చి పంపాడు.

పదకొండు దాటాక పాకలోనే పని మొదలుపెట్టాం. ముందు సెలైను ఎక్కించాం. ఎద్దును పక్కకి పడుకోబెట్టి, కాళ్లు కట్టి, కోసే చోట మొద్దుబారడానికి మందు ఎక్కించాం. పల్లె ఆడవాళ్లు ఉతికిన చీరలు తెచ్చి చుట్టూ కట్టారు, ఈగలు రాకుండా. కుర్ర డాక్టరు కోత పెట్టగానే మూత్రం వరదలా రావాలి. అతను దాన్ని రానివ్వలేదు. వేలు అడ్డం పెట్టి కొద్దికొద్దిగా వదిలాడు. ఒక్కసారిగా ఖాళీ చేస్తే పశువు గుండె తట్టుకోదు. బకెట్ల కొద్దీ వచ్చింది. పట్టేవాళ్లు పడుతున్నారు, పారబోసేవాళ్లు పారబోస్తున్నారు.

"మేడం, చెయ్యి," అన్నాడు.

నేను చేయి లోపలికి పెట్టి, చిరిగిన మూత్రాశయాన్ని పట్టుకుని కోత దగ్గరికి తెచ్చాను. తడిసిన గుడ్డలా ఉంది. పై భాగంలో నా బొటనవేలు పట్టేంత చిరుగు. నేను పట్టుకున్నాను, అతను కుట్టాడు. ఒక వరస కుట్టి, దాని మీద మరో వరస. చక్కటి కుట్టు. నా చేతికి అంత చక్కగా రాదు. తర్వాత ఆ గొట్టాన్ని పొట్ట చర్మంలోంచి మూత్రాశయంలోకి పంపి, దాని లోపలి కొసన ఉన్న బుడగలోకి నీళ్లు ఎక్కించి జారకుండా నిలిపాం. అసలు రాయి నాళంలోనే ఉంది, దాని జోలికి పోలేదు. అది కరిగి జారేదాకా మూత్రం ఈ దొంగదారిలో పోతుంది. అదీ ఏర్పాటు.

గొట్టం కొసన మొదటి చుక్క పడ్డప్పుడు కుర్ర డాక్టరు నా వైపు చూసి నవ్వాడు. "పల్లెలో కూడా జరుగుతుంది మేడం," అన్నాడు. అంతే. ఆ ఒక్కసారే.

ఇక రాయి కరగడానికి మందు. అమ్మోనియం క్లోరైడు రోజూ తాగించాలన్నాడతను. మా స్టోరులో లేదు.

"నవాసారమే గదా," అన్నాడు అటెండరు సెలైను సీసాతో. "కళాయి పోసేటోళ్లు వాడతారు. పెద్దూరి దుకాణంలో దొరుకుతాది."

అది నోటికి వికారంగా ఉంటుంది, పశువు తాగదు. అందుకని బెల్లం పాకంలో కలిపి తాగించమని ఆవిడకి చెప్పాను. చెప్పేటప్పుడు నాకేమీ తోచలేదు. మీకు కూడా తోచి ఉండదు, మీరు ఆ అడవి అంచు ఊళ్లలో ఉండకపోతే.

నాలుగు రోజుల తర్వాత ఆ పల్లె పాస్టరుగారు ఆస్పత్రికి వచ్చారు. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు, మెత్తటి మనిషి. కుర్చీలో కూర్చుని చాలాసేపు వానల గురించి మాట్లాడారు. తర్వాత గొంతు తగ్గించారు.

"అమ్మా, మీరు పెద్దవాళ్లు. మా సంఘంలో ఒక సోదరి... నీళ్ల బండి ఆమె. మంచి సాక్ష్యం, నడవడి ఉన్న మనిషి. ఈ నాలుగు దినాల నుంచి దుకాణంలో బెల్లం కొంటాంది, నవాసారం కొంటాంది. ఇంట్లో రెండు కుండలు కూడా పెట్టినాదంట. ఎద్దు పడిపోయినాది, బతుకు తెరువు లేదు, నిజమే. అయినా గానీ నాటుసారా కాయడం..."

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. ఆ వైపు సారా బట్టీలకి బెల్లం, నవాసారమే సరుకని గుర్తొచ్చాక నవ్వు ఆపుకోలేకపోయాను. లోపల గదిలో అటెండరు ఏదో కింద పడేశాడు.

సంగతంతా చెప్పాను. ఆయన మొహం మీద బరువు దిగిపోయి, ఆయన కూడా నవ్వారు. కళ్లు తుడుచుకుని మళ్లీ గంభీరంగా అడిగారు: "అయితే ఇప్పుడు ఆ ఎద్దుకు ఏం కావాలమ్మా?"

"మామూలు దారిలో మూత్రం పోయాలి. గొట్టం కొస బిగించి మూసి చూడాలి. పోస్తే బతికినట్టే."

"ఆదివారం ఆరాధనలో ప్రార్థన చేస్తాం. కాకుంటే..." ఆయన మొహమాటపడ్డారు. "ఎట్ల అడగాల? దేవునికి అన్ని మాటలూ తెలుసు. మైకులో చెప్పాల గదమ్మా."

ఇద్దరం కలిసి ఆలోచించాం. చివరికి 'మూగజీవి జలమార్గం తెరవబడునట్లు' అని కాగితం మీద రాసుకుని, మడిచి జేబులో పెట్టుకుని వెళ్లారు.

ఈలోపు పల్లెలో నీళ్లకి కటకట. ఆడవాళ్లు పొద్దున్నే లేచి ప్లాస్టిక్ క్యాన్లు మోసుకుంటూ రెండు మైళ్లు నడిచి, మళ్లీ కూలికి పోయేవాళ్లు. సంత బేరగాడు ఒకడు పాక చుట్టూ రెండుసార్లు తిరిగిపోయాడు. "దాన్ని ఇచ్చెయ్యరాదా, ఇంకోటి తెచ్చుకుంటే నీళ్లన్నా వస్తాయి," అని పొరుగావిడ అననే అంది. నేను రోజు మార్చి రోజు వెళ్లి కుట్లు చూసేదాన్ని. ఎద్దు లేచి నిలబడింది, మేత ముడుతోంది, గొట్టం కొసన చుక్క చుక్క పడుతూనే ఉంది. గురువారం మొదటిసారి గొట్టం బిగించి చూశాం. మూడు గంటలు. ఒక్క చుక్క లేదు. ఎద్దు కాలితో కడుపు తన్నుకోవడం మొదలుపెట్టగానే గొట్టం వదిలేశాను. ఆవిడ బెల్లం పాకం కలుపుకుంటూ కూర్చుంది.

ఆదివారం మళ్లీ బిగించాం. సెలవు రోజైనా కుర్ర డాక్టరు బైకు మీద వచ్చాడు. పాకకి ఎదురుగానే చర్చి. చిన్న హాలు, కిటికీ రెక్కలు తీసే ఉన్నాయి. లోపల పాటలు, డప్పు, మైకు. ఆవిడ ఆరాధనకి పోలేదు. నులకమంచం మీద నేను, కుర్ర డాక్టరు కూర్చున్నాం. అటెండరు ఎద్దు ముందర. ఆవిడ ఎద్దు వెనక.

పాటలు అయిపోయాయి. మైకులో పాస్టరుగారు కాగితం చూసి చదివిన ప్రార్థన స్పష్టంగా వినపడింది. "జలమార్గం" దగ్గర లోపల పిల్లలెవరో కిసుక్కుమన్నారు. తర్వాత ప్రసంగం మొదలైంది. ఎండ పాక లోపలి దాకా వచ్చింది. ఎద్దు ఒకసారి నడుము సాగదీసింది. అందరం ముందుకు వంగాం. ఏమీ లేదు. మళ్లీ సాగదీసింది. కాలు నేలకేసి కొట్టింది.

నా చేయి గొట్టం మీదికి పోయింది. కుట్లు పచ్చివి. మళ్లీ పగిలితే ఇక కుట్టడానికి ఏమీ ఉండదు.

"వదిలేద్దామా?" అన్నాను.

కుర్ర డాక్టరు సంచీలోంచి తొడుగు తీసి నాకిచ్చాడు. "మీరే చెయ్యి పెట్టి చూడండి మేడం," అన్నాడు.

తొడుగు వేసుకుని చూశాను. మూత్రాశయం చేతికి తగిలింది, గుండ్రంగా, నిండుగా, ఇంకా మెత్తగానే. బిగుసుకోలేదు. ఇంకా కాస్త చోటుంది. "పది నిమిషాలు చూద్దాం," అన్నాను. ఆ పది నిమిషాలు నా ముప్పై చిల్లర ఏళ్ల సర్వీసంత పొడుగ్గా నడిచాయి.

ముందు ఒక చుక్క. తర్వాత ఇంకొకటి. సన్నటి దారంలా ఒక ధార మొదలై ఆగిపోయింది. ఎద్దు వీపు వంచి గట్టిగా ఒక్క ముక్కు ముక్కింది. ఏదో గింజలాంటిది టప్‌మని నేల మీద పడింది. దాని వెనకే ధార. దారం కాదు, తాడు. ఆగకుండా, చప్పుడు చేస్తూ, చుట్టూ నురుగు కడుతూ.

"పోసినాది!" అని ఒక కేక వినపడింది. ఎప్పుడూ గొంతెత్తని మా అటెండరు అది. "మేడం! పోసినాది మేడం!"

మైకులో ప్రసంగం ఆగింది.  తర్వాత పాస్టరుగారి గొంతు, కాగితంలో లేని మాటలతో: "పోసినాదంట! స్తోత్రం!" హాలు మొత్తం "స్తోత్రం" అంది. ఆ తర్వాత ఆరాధన ఎవరూ ముగించలేదు. అందరూ బయటికి వచ్చేశారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు, చేతిలో బైబిళ్లతోనే పాక చుట్టూ మూగారు. ఎద్దు ఇంకా పోస్తూనే ఉంది. ఇంతమంది ఎందుకొచ్చారో దానికి అర్థం కాక చెవులు ఆడించింది.

ఆవిడ ఏడుస్తూ ఎద్దు మెడ కౌగిలించుకుంది. "నాయనా, నాయనా," అంటూనే ఉంది. కాసేపటికి నా దగ్గరికి వచ్చి, నా కుడిచేయి తీసుకుని, అది ఏ స్థితిలో ఉందో చూడకుండా కళ్లకద్దుకుంది. 

అందరూ అక్కడే ఉన్నారు కాబట్టి అప్పుడే చెప్పాను. తవుడు ఎక్కువై, ఉప్పు బోరు నీళ్లు చాలినంత తాగక వచ్చిన ఈ రాళ్లు మళ్లీ వస్తాయి. రాకుండా ఉండాలంటే తవుడు తగ్గించాలి, పచ్చిమేత వేయాలి, దాణాలో రోజూ గుప్పెడు ఉప్పు కలపాలి.

"ఉప్పు నీళ్లతో జబ్బొచ్చె అంటిరి. మళ్లా ఉప్పా?" అంది ఒక ముసలమ్మ.

"బోరు నీళ్లు దానికి రుచించక తక్కువ తాగుతోంది అవ్వా. ఉప్పు తింటే దాహమేస్తుంది. దాహమేస్తే ఎక్కువ తాగుతుంది. ఎక్కువ తాగితే మూత్రం పలచగా పోయి, లోపల ఇసుక నిలవదు. కాకపోతే అది తాగేవి మంచినీళ్లు కావాలి. బోరు నీళ్లు కాదు. ట్రిప్పుకి రెండు బకెట్లు."

 రెండు డ్రమ్ములతో నలభై ఇళ్లకి సరిపెట్టుకునే మంచినీళ్లు అవి. అందులోంచి ఎద్దుకి వాటా అడుగుతున్నాను. బేరం పెట్టమన్న పొరుగావిడ కూడా అక్కడే ఉంది. ఆవిడే ముందు నోరు విప్పింది.

"మోసేది అది. తాగేది మనము. ఆ మాట ముందే తోచల్యా మనకి," అంది. ఆ పైన ఎవరూ వాదించలేదు.

గొట్టం తీసేశాం. కోత మానింది. నెల తిరిగేసరికి మళ్లీ బండి కట్టారు, మొదట్లో ఒక డ్రమ్ముతో. ఆ తర్వాత ఒకరోజు గొర్రెలకి టీకాల కోసం ఆ పల్లెకి వెళ్లినప్పుడు సరిగ్గా నీళ్ల బండి వచ్చింది. ఆడవాళ్లు బిందెలతో వరస కట్టి ఉన్నారు. ఆవిడ బండి ఆపి, మొదటి బకెట్టు నింపి ఎద్దు ముందు పెట్టింది. అది అడుగుదాకా తాగింది. రెండోది పెట్టింది. అదీ తాగింది. వరసలో ముందున్న ఒక కొత్తకోడలు బిందె పట్టుకుని డ్రమ్ము దగ్గరికి కదిలింది. వెనకున్న ముసలమ్మ ఆమె చేయి పట్టి ఆపింది.

"ఆగమ్మాయ్. ఇంగా పోయల్యా."

కొత్తకోడలు వింతగా చూసింది. మిగతావాళ్లు ఎవరూ నవ్వలేదు. బిందెలు చంకన పెట్టుకుని, ఎండలో, ఓపిగ్గా ఎద్దునే చూస్తూ నిలబడ్డారు. ఎద్దు తొందరపడలేదు. తోకతో ఈగల్ని తోలుకుంది, ఒకసారి నాలుక చాచి ముట్టె నాక్కుంది. తర్వాత కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి, నింపాదిగా తన పని కానిచ్చింది. అప్పుడు బిందెలు కదిలాయి.